తలకోన దారిలో కనిపించిన చీమలు, గొంగళి పురుగులు: ఏది ఏమిటి, దేనికి జాగ్రత్త పడాలి?

నమస్తే అండీ. ఆగస్టులో ఇంటిల్లిపాదీ తలకోన జలపాతం దాకా నడిచి వెళ్ళామని, దారిలో తీసిన అయిదు ఫోటోలు పెట్టి ఇవి ఏ చీమలు, ఏ పురుగులు అని అడిగారు. పాప చెయ్యి గొంగళి పురుగుకి తగిలి దద్దుర్లు వచ్చాయన్నారు. మీ తమ్ముణ్ణి చెట్టు మాను మీది చీమ కుట్టిందన్నారు. ఒక పురుగుని సీసాలో వేసి ఇంట్లో పెంచవచ్చా అని కూడా అడిగారు. నేను చాలా ఏళ్ళు జువాలజీ పాఠాలు చెప్పాను. ప్రతి వానాకాలం పిల్లల్ని వెంటబెట్టుకుని శేషాచలంలోనో నల్లమలలోనో నడిచాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ముందు మీకు టెన్షన్ పెడుతున్న రెండు సంగతులు చెప్పేస్తాను.

పాప విషయంలో కంగారు పడకండి. రెండు రోజులకే దద్దుర్లు తగ్గుముఖం పట్టాయంటే అది వెంట్రుకలు గుచ్చుకోవడం వల్ల వచ్చిన దురదే. గొంగళి కప్పుకున్నట్టు ఒంటి నిండా నూగు ఉంటుంది కనుకే మనవాళ్ళు దాన్ని గొంగళి పురుగు అన్నారు. కొన్ని రకాల్లో ఆ వెంట్రుకలకు కంటికి కనిపించనంత సన్నటి ముళ్ళుంటాయి. అవి విరిగి చర్మంలో దిగబడతాయి. అందుకే ఇలా జరిగినప్పుడు రుద్దకూడదు. రుద్దితే వెంట్రుకలు ఇంకా లోపలికి పోతాయి, పక్కకి కూడా పాకుతాయి. సెలోటేపు ముక్క తీసుకుని ఆ చోట మెల్లగా అంటించి లాగెయ్యాలి. ప్రతిసారీ కొత్త ముక్కతో నాలుగైదు సార్లు అలా చేసి, తర్వాత సబ్బుతో కడిగి, ఐసుగడ్డ గుడ్డలో చుట్టి పెట్టాలి. ఇంట్లో పెద్దవాళ్ళు ఏదో ఒక ఆకు పసరు రాస్తామంటారు. రాసినా రాయకపోయినా, వెంట్రుకలు తీయడం ముందు జరగాలి. ఆ రోజు పాప వేసుకున్న గౌను విడిగా ఉతకండి. చేతులతో కళ్ళు నలుపుకుని కన్ను ఎర్రబడితే మాత్రం ఇంటి వైద్యం వద్దు, నేరుగా కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంకొకటి: పురుగు వెళ్ళిపోయిన ఖాళీ గూటిలో, అది విడిచిన కుబుసంలో కూడా ఈ వెంట్రుకలు మిగిలే ఉంటాయి. పిల్లలు ముచ్చటపడి తీసుకునేది వాటినే.

ఇక తమ్ముడి సంగతి. మీ మూడో ఫోటోలో తల నల్లగా, మధ్య భాగం ఇటుక రంగులో, పొట్ట మళ్ళీ నల్లగా ఉంది. సన్నగా పొడుగ్గా ఉంది, కళ్ళు పెద్దవి, గుంపు లేకుండా ఒక్కటే మాను మీద పరుగెడుతోంది. మీరు పక్కన పెట్టిన వేలిగోరుతో పోలిస్తే సెంటీమీటరుకు పైనే ఉంటుంది. దీని శాస్త్రీయ నామం టెట్రాపొనెరా రూఫోనైగ్రా. ఎండిపోయిన కొమ్మల తొర్రల్లో కాపురం ఉంటుంది. దారిలో చెట్టుకి ఆనుకుని నిలబడే వాళ్ళకి, చచ్చిన కొమ్మ పట్టుకుని గట్టు ఎక్కే వాళ్ళకి దీని దెబ్బ తగులుతుంది. ఒకసారి మా విద్యార్థి ఒకడు ఎండుకొమ్మ విరవబోతే ఆ విరిగిన చోటి నుంచి పదో పదిహేనో బిలబిలమంటూ బయటికొచ్చి ముంజేతి మీదికి ఎక్కేశాయి. కందిరీగ కుట్టినట్టే ఏడ్చాడు పాపం. మణికట్టు దగ్గర వాపు మర్నాటికి కానీ దిగలేదు.

మీ తమ్ముడికి కుట్టిన చోట మాత్రమే వాచి తగ్గిపోయిందన్నారు కాబట్టి ఇప్పటికి ఇబ్బంది లేదు. కానీ ఈ చీమ కుట్టినప్పుడు కొద్దిమందికి తీవ్రమైన అలర్జీ వస్తుంది. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు గానీ ముఖం గానీ ఉబ్బడం, ఊపిరి ఆడకపోవడం, కళ్ళు తిరగడం, ఇందులో ఏది కనిపించినా క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంతకుముందు తేనెటీగ, కందిరీగ కుడితే ఒళ్ళు ఉబ్బిన వాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళని చెట్టు మానులకు ఆనుకోనివ్వకండి.

ఇక్కడ మన భాషలో ఒక చిక్కుంది. ఏ చీమ ఏం చేసినా మనం 'చీమ కుట్టింది' అనే అంటాం. నిజానికి చీమలు రెండు పనులు చేస్తాయి. కొన్ని దవడలతో కరిచి, పొట్ట వంచి ఆ గాటు మీద ఆమ్లం చిమ్ముతాయి. వాటికి కొండి ఉండదు. మంట పుడుతుంది, కాసేపటికి పోతుంది. మరికొన్నిటికి కందిరీగకున్నట్టే కొండి ఉంటుంది, నిజంగానే విషం ఎక్కిస్తాయి. చీమలు కందిరీగలకు దగ్గరి చుట్టాలు కాబట్టి ఇందులో వింతేం లేదు. మీ మొదటి ఫోటోలోది మొదటి రకం, మూడో ఫోటోలోది రెండో రకం. మీరు రెండిటినీ 'ఎర్రచీమ' అనే రాశారు. రంగు చూసి చీమ పేరు చెప్పడం మొదలుపెడితే ఇలాగే తప్పుతుంది. ఎక్కడుంది, ఒంటరిగా తిరుగుతోందా బారుగానా, చేత్తో కదిపితే ఏం చేసింది, ఈ మూడూ చూస్తే సగం పేరు తెలిసిపోతుంది. ఆ తర్వాత నడుము చూడాలి. చీమ నడుములో ఒక ముడి ఉందా రెండు ముడులా అన్నది దగ్గరి ఫోటోలో తెలుస్తుంది. మీ మూడో ఫోటోలో రెండు ముడులు స్పష్టంగా ఉన్నాయి.

మొదటి ఫోటోలో ఆకులన్నీ దగ్గరికి లాగి బంతిలా కుట్టిన గూడు, దాని మీద నారింజ రంగు చీమలు. మామిడి తోటలున్న ఊళ్ళ వాళ్ళకి వీటిని పరిచయం చేయక్కర్లేదు. శాస్త్రీయ నామం ఈకోఫిల్లా స్మరాగ్డినా. ఇవి ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసులా నిలబడి రెండు ఆకుల అంచుల్ని దగ్గరికి లాగుతాయి. అప్పుడు మరికొన్ని తమ పిల్ల పురుగుల్ని నోట పట్టుకొచ్చి ఈ అంచుకీ ఆ అంచుకీ తాకిస్తాయి. మగ్గం మీద నాడె ఆడించినట్టే ఉంటుంది. ఆ పిల్ల పురుగు నోట్లోంచి వచ్చే పట్టుదారంతోనే గూడు కుట్టుకుంటాయి. మీ ఫోటోలో ఆకుల మధ్య తెల్లటి పొరలా కనిపిస్తున్నది ఆ పట్టే. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో ఈ చీమలతో చేసే పచ్చడికి 2024 జనవరిలో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక వస్తువన్న గుర్తింపు వచ్చింది. బస్తర్‌లో కూడా తింటారు.

అదే ఫోటోని ఇంకాస్త పెద్దది చేసి ఎడమ వైపు ఆకు అంచు దగ్గర చూడండి. మిగతా వాటికి దూరంగా ఒకటి ఉంది. అది చీమ కాదు, సాలీడు. కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది వస్తాయి. ముందు జత కాళ్ళని పైకెత్తి మీసాల్లా ఆడిస్తుంది, ఒంటికి మధ్యలో నడుములా నొక్కు కూడా ఉంటుంది. ముఖం మీద రెండు పెద్ద కళ్ళు ఎదురుగా చూస్తున్నాయి చూడండి, చీమకి అలా ఉండవు. దీని మగదానికి దవడలు ముందుకి ఎంత పొడుగ్గా సాగి ఉంటాయంటే, ఒక చీమ ఇంకో చీమని మోసుకుపోతున్నట్టే కనిపిస్తుంది. కొరికే చీమల జోలికి పక్షులూ ఇతర పురుగులూ అంతగా రావు కాబట్టి ఆ వేషం దానికి రక్ష. ఈసారి ఇలాంటిది కనబడితే ఆకుని చిన్నగా తట్టండి. చీమ అయితే మీ మీదికి వస్తుంది. సాలీడు దారం వదిలి కిందికి వేలాడుతుంది.

రెండో ఫోటో: దారికి అడ్డంగా నిగనిగలాడే నల్లచీమల బారు, కొన్నిటి నోట్లో తెల్లటివి. 'గుడ్లు మోసుకుపోతున్నాయి, వాన వస్తుందన్నారు మా అమ్మ' అని రాశారు. చీమ గుడ్డు ఆవగింజ కన్నా చిన్నది, నడిచే మనిషి కంటికి ఆనదు. బియ్యపు గింజలా కోలగా ఉండేవి గూడు కట్టుకున్న పిల్లలు. అవి మోస్తుంటే ఇల్లు మారుతున్నట్టు. మీ ఫోటోలో తెల్లటి వాటికి కాళ్ళున్నాయి, తల గోధుమ రంగులో ఉంది. అవి చెదపురుగులు. అంటే మీరు చూసింది వేటకెళ్ళి తిరిగొస్తున్న దండు. ఇవి లెప్టోజెనిస్ ప్రొసెషనాలిస్. చెద పుట్టల మీద పడి దోచుకు తింటాయి. బారు దాటి అడుగు వేస్తే చాలు, మీ జోలికి రావు, కాలు పెడితే మాత్రం కుడతాయి. చీమల పుట్టల్లో పాములు చేరతాయని చిన్నప్పుడు పద్యంలో చదువుకున్నాం కానీ, అడవి దారిలో నిలువెత్తున కనిపించే ఆ మట్టి పుట్టలు కట్టేవి కూడా చెదలే. చెదపురుగుకి నడుము సన్నబడదు, మీసాలు పూసల దండలా తిన్నగా ఉంటాయి. చీమ మీసం మోచెయ్యిలా వంగి ఉంటుంది.

ఈ దండుని చూసి కొందరు మరో చీమ పేరు చెబుతారు, కారెబారా డైవర్సా అని. అదీ బారులు తీరుతుంది, కానీ దాని బారులో నువ్వుగింజంత చీమల పక్కనే వాటికి అయిదు వందల రెట్లు బరువుండే పెద్దతల చీమలు నడుస్తాయి. అవి కూడా అక్కచెల్లెళ్ళే. మీ ఫోటోలో అన్నీ ఒకే సైజు కాబట్టి అది కాదు.

నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. టెట్రాపొనెరా, ఈ వేట దండు, ఈ పెద్దతల చీమ, మూడిటికీ శాస్త్రలోకంలో మొదట పేరు పెట్టింది థామస్ జెర్డన్ అనే సర్జన్. 1851లో మద్రాసు నుంచి వచ్చే పత్రికలో దక్షిణ భారతదేశపు చీమల జాబితా అచ్చువేశాడు. అంతకుముందు నెల్లూరులో డాక్టరుగా పనిచేశాడు. కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఈయన పేరే. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించింది. మనం పక్షిని గుర్తుపెట్టుకున్నాం, అదే మనిషి మన చీమల్ని కూర్చుని లెక్కపెట్టిన సంగతి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అయిదో ఫోటో. మీరు దీన్ని చివర్న పెట్టి 'పాపం చీమలు పురుగుని తినేస్తున్నాయి' అని ఒక ముక్క రాసి వదిలేశారు. అయిదిట్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే. ఆకు కింది వైపు తెల్లటి నూగు, మూడు ఈనెలు, కాడ దగ్గర వంకర ముల్లు. అది రేగు. పురుగు పచ్చగా, చదునుగా, సెంటీమీటరు మించి లేదు. చూట్టానికి గొంగళి పురుగులాగే లేదు, ఆకుకి అంటుకున్న చిన్న జలగలా ఉంది. దాని చుట్టూ మూడు గండుచీమలు.

చీమలు పురుగుని తింటుంటే ఎలా ఉంటుందో మీరు ఇంట్లో చచ్చిన బొద్దింక దగ్గర చూసే ఉంటారు. దవడలతో పట్టి తలో దిక్కుకీ లాగుతాయి. మీ ఫోటోలో ఏ చీమా దవడ వెయ్యలేదు. రెండు చీమలు పురుగు వెనక భాగం మీద మీసాలతో తడుతున్నాయి, ఒకటి బయటికి తిరిగి నిలబడింది. పురుగు తన మానాన ఆకు తింటోంది, ముందున్న పారదర్శకమైన మచ్చ ఇప్పుడే గీరిన చోటే. ఇవి దానికి కాపలా కాస్తున్నాయండీ. ఆ పురుగు వీపు చివర ఒక చిన్న గ్రంథి ఉంటుంది. చీమ మీసంతో తడితే అక్కడ తీపి బొట్టు ఊరుతుంది, చీమ తాగుతుంది. బదులుగా, పురుగు ఒంట్లో గుడ్లు పెట్టాలని తిరిగే చిన్న చిన్న కందిరీగల్ని, ఈగల్ని దగ్గరికి రానివ్వదు. చీమ ఒకవేళ పొరపాటున కొరికినా తట్టుకునేలా పురుగు చర్మం మందంగా ఉంటుంది, తలని ఒంటి కిందికి ముడుచుకుంటుంది.

రేగు ఆకు, చదునైన పచ్చ పురుగు, చీమల కాపలా, ఈ మూడూ కలిస్తే అది పీరో అనే చిన్న సీతాకోకచిలుకల పిల్ల. తెల్లటి రెక్కల మీద నల్లటి చుక్కలతో రేగు పొదల చుట్టూ నేలకి జానెడు ఎత్తున ఎగురుతుంటాయే, అవి. ఆకు ఫోటోలో పడింది కాబట్టి ఇంత చెప్పగలిగాను. ఆకు లేకుండా పురుగు ఒక్కటే ఉంటే ఇందులో సగం కూడా చెప్పలేకపోయేవాణ్ణి. గండుచీమలు కూడా ఒక ఆధారమే. ఇలాంటి కాపలా మద్ది చెట్ల మీద కూడా చూడవచ్చు, అక్కడ ఓక్‌బ్లూ అనే సీతాకోకచిలుక పిల్లలకి మీ మొదటి ఫోటోలోని నారింజ చీమలే కాపలా.

అందుకే గొంగళి పురుగు విషయంలో నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ మొక్క మీద ఉంది? చాలా చీమలు ఏదైనా తింటాయి. పురుగు అలా కాదు, చాలా రకాలు ఒకే కుటుంబం మొక్కల్ని తప్ప ముట్టవు. జిల్లేడు మీద నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో వీపు మీద మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటివి ఉంటే అది ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పిల్ల, వేరే ఆలోచనే అక్కర్లేదు. కొమ్ములు నాలుగు జతలై గన్నేరు మీదో మర్రి మీదో ఉంటే కామన్ క్రో సీతాకోకచిలుక పిల్ల. ఈశ్వరి తీగ మీద ముదురు రంగు ఒళ్ళు, ఎర్రటి బుడిపెలు, మధ్యలో తెల్లటి పట్టీ ఉంటే కామన్ రోజ్ సీతాకోకచిలుక పిల్ల. నందివర్ధనం మీద బొటనవేలంత పచ్చటి పురుగు, ముందు వైపు రెండు నీలం కళ్ళలాంటి మచ్చలు, తోక దగ్గర చిన్న కొమ్ము ఉంటే గన్నేరు హాక్ మాత్ అనే రెక్కల పురుగు పిల్ల. పిల్లలు భయపడతారు కానీ అది ఏమీ చెయ్యదు. ఆముదం మీద నడుము ఎత్తి కొలుస్తున్నట్టు నడిచేది రైతులందరికీ తెలిసిన నామాల పురుగు. టేకు ఆకు ఈనెలు మాత్రం మిగిలి జల్లెడలా అయిపోతే చెట్టు చచ్చిపోయిందని కంగారు పడతారు, అది చిన్న పురుగుల పని, చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. మద్ది మీద లావుపాటి పచ్చ పురుగు కనబడితే దసలి పట్టుపురుగు అవుతుంది. తెలంగాణలో మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు దసలి పట్టుకి ఆధారం అదే. తుమ్మ కొమ్మకి చిన్న కట్టెల మోపు వేలాడుతుంటే విప్పి చూడకండి, పుల్లలు పేర్చుకుని అందులోనే బతికే పురుగు అది.

ముట్టుకోకూడనివి గుర్తుపట్టడం కష్టం కాదు. ఒత్తుగా నూగున్నవి, వీపు మీద టూత్‌బ్రష్ కుచ్చుల్లాంటివి ఉన్నవి, లేత పచ్చ ఒంటి మీద నీలం చారతో రెండు చివరలా ముళ్ళ గుత్తులున్నవి. ఈ మూడోది మామిడి, ఆముదం, కొబ్బరి ఆకుల కింద ఉంటుంది. ఎంత అందంగా ఉంటుందో అంత మంట పెడుతుంది, కరెంటు షాకులా ఉంటుందంటారు కుట్టించుకున్న వాళ్ళు.

సీసాలో పెంచడం గురించి. తలకోన ఉన్నది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో, అక్కడి నుంచి పురుగునే కాదు, ఆకుని కూడా తీసుకురాకూడదు. తెచ్చినా బతకదు, అది తినే ఆకు మీకు రోజూ దొరకదు. పాపకి చూపించాలంటే మీ ఇంట్లో కరివేపాకు మొక్క ఉందన్నారు కదా, లేత ఆకుల మీద పక్షి రెట్టలా నలుపు తెలుపు కలిసిన చిన్న పురుగు కోసం వెతకండి. కొన్ని రోజుల్లో పచ్చరంగుకి మారుతుంది. చీపురు పుల్లతో మెడ దగ్గర సుతారంగా తాకితే ఎర్రటి రెండు కొమ్ములు ఠక్కున బయటికొచ్చి ఘాటైన వాసన వస్తుంది. దాన్ని కొమ్మ మీదే ఉండనివ్వండి, పైన దోమతెర గుడ్డ కట్టండి. కోశంలోంచి కామన్ మోర్మన్ సీతాకోకచిలుక బయటికి రావడం పాప కళ్ళారా చూస్తుంది. గొంగళి పురుగంటే పట్టుకున్న భయం కూడా దానితోనే పోతుంది.

ఇంకో జాగ్రత్త, మీరు అడగలేదు కానీ పాప ఉంది కాబట్టి చెబుతున్నాను. మన పిల్లలకి ఆరుద్ర పురుగుని అరచేతిలో పెట్టుకోవడం అలవాటు. ఎర్రటి మఖమల్ ముద్దలా ఉంటుంది, ఎనిమిది కాళ్ళు, నెమ్మదిగా నడుస్తుంది, ఏమీ చెయ్యదు. వానాకాలంలోనే దారి మీద ఎర్రటి మఖమల్ నడుముతో, నల్లటి పొట్ట మీద తెల్లటి చుక్కలతో హడావిడిగా పరుగెత్తేది ఒకటి ఉంటుంది. దాన్ని వెల్వెట్ చీమ అంటారు. అది చీమ కాదు, రెక్కలు లేని ఆడ కందిరీగ. చాలా గట్టిగా కుడుతుంది. ఈ రెండు ఎర్ర మఖమల్ పురుగుల్లో నిదానంగా నడిచేదాన్ని ముట్టుకోవచ్చు, పరుగెత్తేదాన్ని ముట్టుకోకూడదని పాపకి చెప్పండి, ఆ వయసుకి అంత చాలు.

మిగిలింది నాలుగో ఫోటో. మాను మీద ముప్పై నలభై గోధుమ రంగు గొంగళి పురుగులు ఒకదాన్నొకటి ఒరుసుకుని గుంపుగా ఉన్నాయి. పాపకి తగిలింది వీటిలోదే. మునగ చెట్టు మీద ఇలాగే పగలంతా మాను మీద గుంపు కట్టి, రాత్రి పైకెళ్ళి ఆకు తినేవి అందరికీ తెలుసు, ఇవీ ఆ కుటుంబం వాటిలాగే ఉన్నాయి. కానీ ఫోటోలో బెరడు తప్ప ఇంకేమీ లేదు. అదే రోజు అక్కడ తీసిన వేరే ఫోటోలుంటాయి కదా, మీరంతా ఆ చెట్టు కింద నిలబడి తీసుకున్నది ఏదైనా ఉంటే పెట్టండి. వెనక కొమ్మ గానీ, కింద రాలిన ఆకు గానీ ఒక్కటి కనిపించినా చెట్టు పేరు చెప్తాను, అక్కడి నుంచి పురుగు పేరు వెతుకుదాం.